భగేలా పత్రం నుంచి కిరాయి పత్రం దాకా

పట్నంలో కిరాయి ఇల్లు వెతుక్కునే మనిషిని ఇంటి యజమాని అడిగే మొదటి ప్రశ్న కులం గురించి, రెండవది అడ్వాన్సు గురించి. మొదటి ప్రశ్నను గురించి మన సాహిత్యంలో కథలు వచ్చాయి, కవిత్వం వచ్చింది, వాదోపవాదాలు జరిగాయి, ఇంకా జరగవలసి వుంది కూడా. రెండవ ప్రశ్న మాత్రం ఏదో లెక్కల వ్యవహారంగా, సాహిత్యానికీ చరిత్రకూ పట్టని చిల్లర సంగతిగా వుండిపోయింది. మన కథకులు పల్లెలోని గడీని చూచినంత శ్రద్ధగా పట్నపు గోడ మీది టులెట్ బోర్డును చూడలేదు. గడీకి చరిత్ర వున్నట్లే ఆ బోర్డుకూ చరిత్ర వున్నది. ఆ చరిత్రలో కొంత భాగం జనగామ ప్రాంతపు పల్లెల్లోనే మొదలయిందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా లెక్క తేల్చుకుందాం. నెలకు అయిదువేల కిరాయి గల రెండు గదుల ఇల్లు అనుకోండి. రెండు నెలల అడ్వాన్సు పదివేలు, మొదటి నెల కిరాయి అయిదువేలు, వెరసి పదిహేనువేలు చేతిలో పెడితేగాని తాళంచెవి చేతికి రాదు. నెల జీతం పదిహేనువేలు కూడా లేనివాడికి ఈ మొత్తం ఎక్కడ దొరుకుతుంది? బ్యాంకు ఇవ్వదు, చూపడానికి వాడికి జామీను లేదు. చిట్టీ ఎత్తుకోవాలి, లేదా నూటికి మూడు రూపాయల మిత్తికి తేవాలి. పదివేలకు నెలకు మిత్తి మూడువందలు. అంటే పత్రం మీద అయిదువేలు అని రాసుకున్న కిరాయి వాస్తవంలో అయిదువేల మూడువందలు అన్నమాట. అసలు తీర్చలేక మూడేళ్లు మిత్తి కడుతూ పోతే కట్టిన మిత్తి పదివేల ఎనిమిది వందలవుతుంది; అది అసలును మించిపోయింది, అయినా అసలు అలాగే వుంది. యజమాని దగ్గర వున్న పదివేలకు మాత్రం ఆ మూడేళ్లలో కిరాయిదారుకు దక్కే మిత్తి సున్న. ఇల్లు ఖాళీ చేసేనాడు సున్నానికి ఇంత, కుళాయికి ఇంత, గోడకు కొట్టిన మేకులకు ఇంత అని పట్టుకోగా మిగిలిన దానితో వాడు మరొక ఇంటి ముందు నిలబడతాడు.

దీన్ని భద్రత కోసం తీసుకునే సొమ్ము అంటున్నారు. ఎవరి భద్రత అని అడిగితే జవాబు స్పష్టమే. ఆర్థికశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇది బీదవాడు ఉన్నవాడికి మిత్తి లేకుండా ఇచ్చే అప్పు. అప్పు ఇచ్చినవాడు తీసుకున్నవాడి ముందు చేతులు కట్టుకు నిలబడే వింత ఈ ఒక్క వ్యవహారంలోనే కనిపిస్తుంది. ఆ వింతను అర్థం చేసుకోవడానికి మనం పట్నం విడిచి కొంత దూరం వెనక్కు, ఊరివైపు నడవాలి.

ఓరుగల్లు సీమలో ఘనపూర్లు మూడు. రైలు ఆగేది స్టేషన్ ఘనపూర్. ములుగు వైపు కోటగుళ్లు గలది ఘనపూర్ ములుగు. మూడవది జనగామ సమీపంలోని లింగాల ఘనపూర్. జనగామ తాలూకా 1953 దాకా నల్లగొండ జిల్లాలో వుండేది. ఆ సంవత్సరం వరంగల్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11 నుంచి జనగామే ఒక జిల్లా. విసునూరు దేశముఖు గడీ, 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, చాకలి ఐలమ్మ తన కౌలు పొలంలోని పంటను నిలుపుకున్న పాలకుర్తి అన్నీ ఈ సీమలోనివే. ఈ పేర్లు మన పాఠకులకు కొత్త కావు గనక వాటి కథ మళ్లీ చెప్పను. ఆ పోరాటానికి కారణమయిన దోపిడీ రూపాలలో వెట్టిని గురించి ఎక్కువగా, భగేలాను గురించి తక్కువగా మాట్లాడుకున్నామని మాత్రం గుర్తుచేస్తాను.

వెట్టి, భగేలా ఒకటి కావు. వెట్టి కులాన్ని బట్టి, ఊరి ఆచారాన్ని బట్టి వచ్చేది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి వంతు వారు దొర ఇంటికి ఉచితంగా చేయవలసిన చాకిరి అది. భగేలా అప్పును బట్టి వచ్చేది. కూలివాడు పెండ్లికో, చావుకో, కరువునాటి గింజలకో దొర దగ్గర కొంత సొమ్ము ముందుగా తీసుకునేవాడు. అది తీరేదాకా దొర ఇంట జీతగాడుగా పనిచేయాలి. జీతం గింజల రూపంలో ఇంత అని కొలిచేవారు. ఆ కొలత తిండికి సరిపోయేది కాదు. సరిపోనందున మళ్లీ అప్పు. అప్పు పెరిగినందున మళ్లీ చాకిరి. తండ్రి చనిపోతే కొడుకు ఆ అప్పు కింద నాగలి పట్టేవాడు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలను నియంత్రించే శాసనం ఒకటి చేసింది. శాసనం చేసిన సర్కారుకు ఊళ్లో కన్నూ చెవీ దొరే అయినప్పుడు దాని గతి ఏమయివుంటుందో ఊహించడం కష్టం కాదు. కాగితం మీది శాసనాన్ని ఊరిదాకా నడిపించినది 1940ల నాటి సంఘం.

భగేలాలో కీలకం ముందు సొమ్ము. దానికి దేశమంతటా స్థిరపడిన పేరు అడ్వాన్సు. పాలమూరు నుంచి ఆనకట్టల పనులకు దేశం నలుమూలలకూ తరలిన కూలీలను గుంపు మేస్త్రీలు కట్టివేసినది కూడా అడ్వాన్సుతోనే. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చినప్పుడు ఆ చట్టం మొదటి నిర్వచనాలలోనే ఈ మాటను చేర్చింది. ఒకరు మరొకరికి నగదుగాగాని వస్తురూపంగాగాని ముందుగా ఇచ్చేది అడ్వాన్సు అని, ఇచ్చినవాడు రుణదాత, పుచ్చుకున్నవాడు రుణగ్రస్తుడు అని చెప్పింది. ఆ పైన అటువంటి అప్పులన్నీ రద్దయినట్లు ప్రకటించింది. చట్టం అమలు సరిగా జరగలేదన్నది వేరే సంగతి, పెద్ద సంగతి. అయినా అడ్వాన్సు అనే మాట వెనుక సంకెల వున్నదని ఈ దేశపు శాసనం ఒప్పుకున్నది.

ఇప్పుడు లింగాల ఘనపూర్ వంటి ఊరి నుంచి పట్నానికి వచ్చే మనిషిని చూడండి. వర్షాధారపు భూమి, ఎండిన బావి, చదివిన చదువుకు ఊళ్లో లేని పని, వీటిలో ఏదో ఒకటి అతణ్ణి జనగామకో, హనుమకొండకో, హైదరాబాదుకో నెడుతుంది. వరంగల్ దారిన హైదరాబాదులో అడుగుపెట్టేవాడికి ఘట్‌కేసర్, బోడుప్పల్, ఉప్పల్ ముందుగా తగులుతాయి. అక్కడి ఇంటి గుమ్మంలో అతనికి ఎదురయ్యే మాట మళ్లీ అడ్వాన్సే. తాత అడ్వాన్సు పుచ్చుకుని కట్టుబడ్డాడు. మనుమడు అడ్వాన్సు ఇచ్చి కట్టుబడుతున్నాడు. సొమ్ము నడిచే దిక్కు మారింది. అధికారం నడిచే దిక్కు మారలేదు. 1976 చట్టపు నిర్వచనం ప్రకారం చూస్తే ఇక్కడ రుణదాత కిరాయిదారు, రుణగ్రస్తుడు ఇంటి యజమాని. అయితే ఏ కిరాయిదారయినా తాను రుణదాతనని గుమ్మం ముందు అనగలడా?

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు, రావడం న్యాయం కూడా. 1872లో ఎంగెల్స్ నివాస సమస్యను గురించి రాసిన వ్యాసాలలో ఇంటి యజమానికీ కిరాయిదారుకూ వుండే సంబంధాన్ని పెట్టుబడిదారుకూ కార్మికుడికీ వుండే సంబంధంతో సమానం చేయరాదని గట్టిగా వాదించాడు. ఇల్లు కిరాయికి తీసుకోవడం ఒక సరుకును కొంతకాలానికి కొనడం వంటిది. అక్కడ అదనపు విలువ పుట్టదు. కాబట్టి ప్రూధాన్ శిష్యులు రెంటినీ కలగలపడం తప్పు అన్నాడు. నేను భగేలాను కిరాయిదారును ఒక గాటకట్టడం అదే తప్పు కాదా? కాదని నా అభిప్రాయం. భగేలా గ్రామం విడిచిపోలేడు, కిరాయిదారు నెల నోటీసుతో పోగలడు. ఈ తేడా చాలా పెద్దది, దాన్ని నేను చెరపడం లేదు. అయితే కిరాయి వేరు, అడ్వాన్సు వేరు. కిరాయి సరుకు ధర. అడ్వాన్సు ధర కాదు, ఏ సరుకుకూ అది బదులు కాదు. ఆస్తి వున్నవాడు లేనివాడి దగ్గర నుంచి లాగే అప్పు. ఎంగెల్స్ వాదం కిరాయికి అన్వయించినంత సూటిగా అడ్వాన్సుకు అన్వయించదు.

ఈ తేడాను మొదట గుర్తించినది పండితులు కారు. గ్లాస్గో నగరపు స్త్రీలు. 1915లో, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, ఆయుధ కర్మాగారాలకు కార్మికులు వేల సంఖ్యలో వచ్చి చేరడంతో గోవన్, పార్టిక్ పేటల్లో ఇంటి యజమానులు కిరాయిలు పెంచారు. మగవారు కొందరు యుద్ధంలో, కొందరు కర్మాగారాల్లో వుండగా మేరీ బార్బర్ నాయకత్వాన గృహిణులు పెంచిన కిరాయి కట్టబోమని నిలబడ్డారు. అమీనా వచ్చినప్పుడు గంట మోగేది. వంటింట్లో వున్నవారు వున్నట్లే చేతి పిండితో సహా మెట్ల మీదికి వచ్చేవారు. నవంబరు నాటికి సుమారు ఇరవైవేల కుటుంబాలు ఆ సమ్మెలో వున్నాయి. నవంబరు 17న కిరాయి కట్టని కార్మికులను కోర్టుకు ఈడ్చగా కర్మాగారాలు విడిచి వేలమంది ఆ కోర్టు ముందు గుమిగూడారు. జాన్ మెక్లీన్ వారి నుద్దేశించి మాట్లాడాడు. ఆ సంవత్సరం ముగిసేలోగా బ్రిటిష్ పార్లమెంటు కిరాయిల నియంత్రణ చట్టం చేయక తప్పింది కాదు. కిరాయిలను 1914 ఆగస్టు నాటి స్థాయికి కట్టివేయడం ఆ చట్టంలోని ప్రసిద్ధమయిన అంశం. అంతగా ప్రసిద్ధి లేనిది మరొకటున్నది. కిరాయి గాక ప్రీమియంగాని, అటువంటి మరే మొత్తంగాని యజమాని అడగరాదన్న నిషేధం అది. కిరాయికి కళ్లెం వేస్తే యజమాని ఆ పెంపును మరో పేరుతో ముందుగానే గుంజుతాడని ఆ శాసనకర్తలకు తెలుసు. తెలియజెప్పినవారు తలుపు ముందే నిలబడి వున్నారు.

ఆ నిషేధపు మాటలు ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి. యుద్ధం ముగిసే ఏడు, 1918లో, బొంబాయికి కిరాయి చట్టం వచ్చింది. 1947 నాటి బొంబాయి చట్టం ప్రీమియం వంటి మొత్తాలతోపాటు డిపాజిట్ అనే మాటను కూడా చేర్చి, పుచ్చుకున్న యజమానికి శిక్ష విధించింది. మద్రాసు రాష్ట్రంలో రెండవ యుద్ధకాలపు ఉత్తర్వు 1941లోను, చట్టాలు 1946, 1949లలోను వచ్చాయి. పోలీసుచర్య తరువాతి హైదరాబాదు రాష్ట్రంలో 1954లో కిరాయిల నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతానికి మద్రాసు చట్టం, తెలంగాణకు హైదరాబాదు చట్టం వర్తిస్తూ వుండగా, రాష్ట్రం ఏర్పడిన నాలుగేళ్లకు ఆ రెంటినీ తొలగించి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (కౌలు, కిరాయి, ఖాళీ చేయించడం) నియంత్రణ చట్టం చేశారు.

ఆ చట్టం ఏడవ సెక్షన్ మీద మన విద్యార్థులు ఒక్కసారయినా కన్ను వేయాలని నా కోరిక. న్యాయకళాశాలలో చదివేవారే చట్టం చదవాలన్న నియమమేమీ లేదు. మనువును సాహిత్య విద్యార్థులు చదవడం లేదా? నిర్ణయమయిన న్యాయమైన కిరాయిగాని, ఒప్పుకున్న కిరాయిగాని తప్ప యజమాని ప్రీమియం రూపంలో మరేమీ పుచ్చుకోరాదని ఆ సెక్షన్ చెబుతుంది. వెంటనే ఒక మినహాయింపు ఇస్తుంది: అడ్వాన్సుగా ఒక నెల కిరాయికి మించకుండా పుచ్చుకోవచ్చు. ఒక్క నెల! అంతకు మించి పుచ్చుకుంటే తిరిగి ఇవ్వాలి, లేదా కిరాయిదారు కోరిన విధంగా కిరాయిలో సర్దుబాటు చేయాలి. గ్లాస్గో మెట్ల మీద పుట్టిన మాట నలభైఅయిదు సంవత్సరాలకు తెలుగు నేల మీద ఈ రూపం దాల్చింది.

ఈ మాట నిద్రపోయిన మాట కాదని నెల్లూరు జిల్లా గూడూరులోని మోడర్న్ హోటల్ వ్యాజ్యం రుజువు చేసింది. హోటలు నడుపుతున్న కిరాయిదారు కిరాయి బకాయి పడ్డాడు కాబట్టి ఖాళీ చేయాలని యజమాని కోర్టుకెక్కాడు. హైకోర్టు దాకా యజమానే గెలిచాడు. 1989లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తలకిందులు చేసింది. చట్టం అనుమతించిన ఒక నెల అడ్వాన్సుకు మించిన సొమ్ము యజమాని దగ్గరే వుండగా, ఆ సొమ్ము బకాయి కంటే ఎక్కువగా వుండగా, కిరాయిదారును ఎగవేతదారు అనడం ఎలా కుదురుతుంది అన్నది ఆ తీర్పు సారాంశం. సరళంగా చెప్పాలంటే, అప్పు ఇచ్చినవాణ్ణి బాకీదారంటూ వీధిలోకి నెట్టడానికి వీల్లేదు. అడ్వాన్సు అసలు రూపం అప్పు అని అత్యున్నత న్యాయస్థానం గుర్తించిన సందర్భంగా దీన్ని చరిత్రలో రాసుకోవాలి. ఆ వ్యాజ్యం దుకాణం గలవాడిది, వకీలును పెట్టుకోగలిగినవాడిది అన్నది నిజమే. రెండు గదుల కిరాయిదారు పదివేల కోసం ఢిల్లీ దాకా పోలేడు. హక్కు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఇంత మంచి చట్టం వుండగా పట్నంలో రెండు నెలలు, మూడు నెలలు ఎలా అడుగుతున్నారు? సమాధానం చట్టం లోపలనే వున్నది. మొదట్నుంచీ ఇది హైదరాబాదు, సికిందరాబాదు నగరాలకూ, పురపాలక సంఘాలకూ వర్తించే చట్టం. గ్రామ పంచాయతీలను అది తాకలేదు. లింగాల ఘనపూర్‌లో గది తీసుకునే టీచరుకు గాని, దుకాణం పెట్టుకునే దర్జీకి గాని ఏడవ సెక్షన్ ఏనాడూ లేదు. జనగామలో వున్నవాడికే వున్నది. ఆ పైన కొత్తగా కట్టిన ఇళ్లకు కొన్ని సంవత్సరాలపాటు మినహాయింపు. ఆ పైన కిరాయి మొత్తాన్ని బట్టి మినహాయింపు. 1983లో ఒక ప్రభుత్వ ఉత్తర్వు నెలకు వెయ్యి రూపాయలు దాటిన కిరాయి ఇళ్లను చట్టం పరిధి నుంచి తప్పించింది. 2005లో చట్టాన్నే సవరించి, నగరపాలక సంస్థల్లో మూడువేల అయిదువందలు, ఇతర చోట్ల రెండువేలు దాటితే చట్టం వర్తించదని రాశారు.

ఆనాడు ఈ హద్దును సమర్థించినవారి మాటలో కొంత సబబు లేకపోలేదు. ఎక్కువ కిరాయి కట్టగలవాడికి ప్రభుత్వ రక్షణ ఎందుకు, బీదవాడికి వుంటే చాలదా అన్నారు. కాని రూపాయి విలువ ఏటేటా పడిపోతూ వుండగా, చట్టంలోని అంకె మాత్రం కదలకుండా నిలబడితే జరిగేదేమిటి? కిరాయి పెరుగుతుంది, అంకె పెరగదు. ఏ ఒక్క కిరాయిదారూ ధనికుడు కాకుండానే అందరూ చట్టం దృష్టిలో ధనికులైపోతారు. జనగామలో రెండువేల లోపు ఎటువంటి గది దొరుకుతుందో మన విద్యార్థులకు వేరే చెప్పనక్కర లేదు. ఒక నెల హద్దును ఎవరూ రద్దు చేయలేదు. సభలో చర్చ జరగలేదు, ఎవరూ ఆందోళన చేయలేదు. ధరల పెరుగుదలే దాన్ని మింగివేసింది. భూసంస్కరణల చట్టాలను మన ప్రభుత్వాలు చంపిన తీరు మనకు తెలుసు. అక్కడ కోర్టులూ, దొంగ విడాకులూ, బినామీ పేర్లూ కావలసి వచ్చాయి. ఇక్కడ అంత శ్రమ కూడా అవసరం కాలేదు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా కిరాయి చట్టం నివాస గృహాలకు రెండు నెలల కిరాయి, ఇతర కట్టడాలకు ఆరు నెలల కిరాయి అడ్వాన్సుకు హద్దుగా పెట్టింది. దీన్ని సంస్కరణ అని పత్రికలు కొనియాడాయి. పది నెలల అడ్వాన్సు ఆనవాయితీగా సాగిన బెంగుళూరులో పనిచేసే మన తెలుగువారికి అది సంస్కరణే కావచ్చు. 1960లోనే ఒక నెల అన్న శాసనం గల మనకు మాత్రం అది ఒకటి రెండయిన సంస్కరణ. ముందడుగు అని పిలిచే ప్రతిదానినీ ఎక్కడి నుంచి ముందుకు అని అడగవలసి వుంటుంది.

అడ్వాన్సు పెరిగిన కొద్దీ దాని అప్పు స్వభావం ఎలా బయటపడుతుందో చూడాలంటే దక్షిణ కొరియాను చూడాలి. అక్కడ జన్‌సే అనే పద్ధతి వున్నది. ఇంటి విలువలో పెద్ద భాగాన్ని ఒక్కసారిగా యజమాని చేతిలో పెట్టి, నెలనెలా కిరాయి లేకుండా వుండి, పోయేనాడు మొత్తం వెనక్కి తీసుకోవడం. మన రాయలసీమ పట్టణాల భోగ్యానికి ఇది పెద్దన్న. యజమానులు ఆ సొమ్ముతో మరిన్ని ఇళ్లు కొన్నారు. ఇళ్ల ధరలు పడిపోగానే తిరిగి ఇవ్వలేకపోయారు. కొందరు మొదటి నుంచీ మోసమే చేశారు. 2023లో ఆ దేశపు పార్లమెంటు బాధితుల కోసం ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. భద్రత పేరుతో పుచ్చుకున్న సొమ్ముకే భద్రత లేకపోయిందన్నమాట.

బీద కిరాయిదారుకు అడ్వాన్సు విషయంలో సాయం చేయాలన్న ఆలోచన మంచిదే. అది ఏ రూపంలో జరుగుతున్నదో చూస్తే దాని వెనుక ఎవరున్నారో తెలుస్తుంది. మన ఊళ్లలో ఆ సాయం చేస్తున్నది ముఖ్యంగా మహిళా సంఘాలు. పొదుపు సంఘంలో భార్య తెచ్చిన అప్పు పట్నంలో భర్త ఇంటి అడ్వాన్సయిపోవడం అరుదు కాదు. వడ్డీవ్యాపారి కంటే సంఘం నయం, ఎంతో నయం. ఆ అప్పులో మిత్తి తగ్గింది. కాని అడ్వాన్సు తగ్గలేదు. సంఘంలోని పదిమంది బీద స్త్రీలు కూడబెట్టిన పొదుపు చివరకు చేరినది బోడుప్పల్‌లోని మూడంతస్తుల యజమాని పెట్టెలోకి. సాయం అనే మాట ఇక్కడ ఎవరికి వర్తిస్తుందో ఆలోచించాలి.

అమెరికాలో 2020లో సిన్సినాటి నగరం ఇంకొక దారి తొక్కింది. అడ్వాన్సు ఒకేసారి కట్టలేనివాడు వాయిదాల్లో కట్టవచ్చు, లేదా బదులుగా బీమా తీసుకోవచ్చు. వాయిదా మాట బాగుంది. బీమా సంగతి మాత్రం జాగ్రత్తగా చూడాలి. అడ్వాన్సు ఎంత భారమయినా ఏదో ఒకనాడు తిరిగి వచ్చే సొమ్ము. బీమాకు నెలనెలా కట్టినది తిరిగి రాదు. గోడ పాడయితే బీమా కంపెనీ యజమానికి చెల్లించి, ఆ మొత్తాన్ని మళ్లీ కిరాయిదారు దగ్గరే రాబట్టుకోవచ్చు. ముందు ఇద్దరున్న వ్యవహారంలోకి మూడవవాడు, లాభం కోసం వచ్చినవాడు, ప్రవేశించాడు. వడ్డీవ్యాపారి ముఖం మారిందంతే.

బ్రిటన్‌లో కొన్ని పురపాలక సంఘాలు నగదు ఇవ్వకుండా యజమానికి హామీపత్రం ఇస్తాయి: నష్టం జరిగితే మేము చెల్లిస్తాము, నీవు అడ్వాన్సు అడగవద్దు అని. ఇది నాకు ఎక్కువ నచ్చిన పద్ధతి, ఎందుకంటే ఇందులో సొమ్ము యజమాని చేతికి ముందుగా చేరదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ఇంకా ముందుకు పోయింది. 1977లో అక్కడ చట్టం చేసి కిరాయి డిపాజిట్లన్నీ యజమాని దగ్గర కాక ప్రభుత్వ బోర్డు దగ్గర జమ కావాలన్నారు. ఖాళీ చేసేనాడు యజమాని పట్టుకోదలచిన ప్రతి రూపాయికీ కారణం చూపాలి. ఆ నిధి మీద వచ్చే మిత్తిలో కొంత కిరాయిదార్ల సలహా కేంద్రాలకు పోతుంది. అంటే అడ్వాన్సు అప్పు అయినప్పుడు ఆ అప్పు మీది రాబడి సమష్టిగా కిరాయిదార్లకు కొంతయినా చెందాలన్న సూత్రాన్ని ఒక పెట్టుబడిదారీ ప్రభుత్వమే ఒప్పుకున్నది. అక్కడా ఇళ్ల కొరత తీరలేదు, కిరాయిలు తగ్గలేదు. కిరాయిల సమస్యకు అది మందు కాదు. అడ్వాన్సును యజమాని పిడికిట్లోంచి బయటికి తీయగలిగింది, అంతే.

ఇది మన దేశానికి కొత్త అని, మన అధికారులకు చేతకాదని అనేవారు వుంటారు. మన 1960 చట్టంలోనే దీని విత్తనం వున్నది. కిరాయికిగాని అడ్వాన్సుకుగాని రశీదు ఇవ్వాలన్నది ఆ చట్టంలోనిదే. కిరాయిదారును ఎగవేతదారుగా చూపడం కోసం యజమాని కావాలనే కిరాయి పుచ్చుకోకపోతే ఏం చేయాలో కూడా అది చెప్పింది. పది రోజుల్లోగా బ్యాంకు పేరు చెప్పమని నోటీసు ఇవ్వాలి. చెప్పకపోతే మనియార్డరు చేయాలి. అదీ పుచ్చుకోకపోతే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయవచ్చు. కిరాయిదారు సొమ్మును ప్రభుత్వాధికారి తన దగ్గర వుంచుకుని, రశీదిచ్చి, తగవు తేలాక అర్హుడికి అందజేసే ఏర్పాటు తెలుగు దేశంలో 1960 నుంచీ చట్టంలో వున్నది. నెలనెలా కిరాయికి పనికివచ్చిన ఆ గుమస్తా బల్ల, ఆ పద్దు పుస్తకం అడ్వాన్సుకు పనికిరాకపోవడానికి కారణమేమిటో ఇంతవరకు ఏ ప్రభుత్వమూ చెప్పలేదు, ఎవరూ అడగనూలేదు.